చౌక పరికరము – సత్యమైన కొలత

తరాజు ఎంత పాతదైనను, దాని ముల్లు ఎటు ఒరుగుతుందో తెలిసిన వర్తకుడు సరియైన తూకమే తూచగలడు. ఆ సంగతి తెలియనివాడు కొత్త తరాజుతో తూచినను పొరబడగలడు. ప్రయోగశాలలోని పరికరములకు కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఖరీదు తక్కువైన పరికరం నమ్మదగినది కాదని కొందరు, అంకె తెరపైకి వచ్చినది కాబట్టి అది సత్యమే అని మరికొందరు అనుకుంటూ ఉంటారు. ఈ రెండు అభిప్రాయాలు కూడ సరియైనవి కావని మా స్వానుభవం వల్ల తెలుసుకున్నాము. ఆ అనుభవమును తోటి విద్యార్థుల ఎదుట, కళాశాల సంఘమువారి ఎదుట ఉంచటమే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

మేము నలుగురము. మాలో ఇద్దరి మాతృభాష ఉర్దూ, ఇద్దరిది తెలుగు. ఒక చిన్న డి.సి. మోటారు తిరిగే వేగమును, అది తిరుగుతున్నంతసేపు దాని పై తొడుగు వేడెక్కే తీరును ఏకకాలంలో కంప్యూటరులో నమోదు చేయటం మాకు అప్పగించబడిన పని. ఇటువంటి పనికి వాడే దత్తాంశ సేకరణ యంత్రములు పెద్ద సంస్థలలో ఉంటాయి. వాటి ధర మా వంటి కళాశాలకు భారము. కాబట్టి కొన్ని వందల రూపాయలలో దొరికే సామగ్రితోనే ప్రయత్నించాలని నిశ్చయించుకున్నాము.

పరికరముల పరిచయము

మేము వాడినది ఆర్డుయినో ఊనో అనే చిన్న పలక. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులు కూడ సులభంగా వాడుకొనుటకై రూపొందినది. దాని నిర్మాణ పటములను అందరికీ బహిరంగపరచినందువల్ల ఎందరో తయారీదారులు అటువంటి పలకలనే చేసి తక్కువ ధరకు అమ్ముతున్నారు. మన హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ దుకాణములలో ఇవి సులభంగా లభిస్తాయి. ఈ పలకపై ఉన్న ప్రాసెసరు 8 బిట్లది. అది సెకనుకు 1 కోటి 60 లక్షల గడియార స్పందనలతో పనిచేస్తుంది. విద్యుత్ పీడనములను కొలిచే ద్వారములు 6 ఉన్నాయి. ఏదైనా గీత మారిన వెంటనే ప్రాసెసరును పిలిచే ప్రత్యేక ద్వారములు 2 ఉన్నాయి.

చౌక సామగ్రితో విజ్ఞాన బోధన సాగించాలనే ఆలోచన మన దేశమునకు కొత్త కాదు. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్శిటీ యాక్సిలరేటర్ సెంటరువారు ఫీనిక్స్ అనే ప్రణాళిక క్రింద కళాశాలల కొరకే ఎక్స్‌ప్-ఐస్ అనే సేకరణ పరికరమును రూపొందించారు. మేము ఆర్డుయినోను ఎన్నుకొనుటకు కారణం అది మా చేతికి అందుబాటులో ఉండటమే.

మోటారు ఇరుసునకు ఒక చుట్టుకు 600 స్పందనలు ఇచ్చే ఎన్‌కోడరును తగిలించాము. వేడిని తెలుసుకొనుటకు ఎల్.ఎం.35 అనే మూడు కాళ్ల సెన్సారును మోటారు తొడుగుకు అంటించాము. ఫలితములను సరిచూచుకొనుటకు ప్రయోగశాలలోని ట్యాకోమీటరును, పాదరసపు థర్మామీటరును, మల్టీమీటరును దగ్గర ఉంచుకున్నాము. ఈ మూడు పాత వస్తువులే తరువాత మమ్ములను కాపాడాయి.

ఎన్‌కోడరు పలికే భాష

ఎన్‌కోడరు లోపల సన్నని చీలికలు గల ఒక చక్రం ఉంటుంది. దానికి ఒక ప్రక్క దీపము, మరొక ప్రక్క వెలుగును గ్రహించే కన్నులు ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు వెలుగు పడుతూ, ఆగుతూ ఉండటం వల్ల స్పందనలు పుడతాయి. అట్టి స్పందనలు ఎ, బి అనే రెండు తీగలపై వస్తాయి. ఒక తీగ స్పందన రెండవ దానికంటె పావు వంతు ముందుగా గాని, వెనుకగా గాని ఉంటుంది. ఇరుసు ఒక వైపు తిరిగితే ఆ రెండు తీగల స్థితి 00, 10, 11, 01 అనే వరుసలో మారుతుంది. మరొక వైపు తిరిగితే ఇదే వరుస తలక్రిందులుగా వస్తుంది. కాబట్టి లెక్కతోబాటు దిశ కూడ తెలుస్తుంది. ఒక్కొక్క స్పందనకు నాలుగు మార్పులు ఉన్నందున, అన్నిటిని లెక్కిస్తే చుట్టుకు 2400 మెట్లు అవుతాయి. అనగా ఒక మెట్టు 0.15 డిగ్రీలు.

రెండు తీగలు ఎందుకు, ఒకటి చాలదా అని అడుగవచ్చును. ఇరుసు సరిగా ఒక చీలిక అంచుమీద ఆగి, బల్ల అదురుకు అటూ ఇటూ వణుకుతున్నదనుకొందాము. ఒకే తీగను లెక్కించే యంత్రము ఆ వణుకునంతటిని ప్రయాణముగా భావించి లెక్క పెంచుకుంటూ పోతుంది. రెండు తీగలను చూచే యంత్రము ఒక మెట్టు ముందుకు, ఒక మెట్టు వెనుకకు వేసి ఉన్నచోటనే ఉంటుంది. ఒక తీగపైకి బయటినుండి చిన్న విద్యుత్ అలజడి వచ్చినను ఇదే విధంగా కలిపినది తీసివేయబడుతుంది. వరుసలో ఒకసారికి ఒక తీగ మాత్రమే మారటం ఈ పద్ధతిలోని రహస్యము. ఈ సంగతిని విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. దీని ప్రయోజనం మరల ముందు కనబడుతుంది.

తీగలను కలుపుటలో కూడ ఒక జాగ్రత్త ఉన్నది. మేము కొన్న ఎన్‌కోడరు తీగను సున్నా వోల్టులకు లాగగలదే గాని పైకి ఎత్తలేదు. పైకి ఎత్తే పని మనము ఒక నిరోధకముతో చేయవలెను. మొదటి రోజు ఆ నిరోధకములు పెట్టక, ఎన్‌కోడరు చెడిపోయినదని ఒక పూటంతా నిందించాము. తీగలను 5 వోల్టులకు చెరియొక నిరోధకముతో కలిపిన వెంటనే అది పలికినది.

మొదటి పాఠము: నిండిపోయిన పాత్ర

ఇరుసును చేతితో 10 చుట్లు త్రిప్పి చూచాము. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో బిగ్గరగా లెక్కించారు. ఇద్దరి లెక్క ఒక్కచోటనే ముగిసినది. తెరపై 24,000 కనిపించినది. మా సంతోషమునకు మేర లేకపోయినది. మరింత నిశ్చయము కొరకు 20 చుట్లు త్రిప్పాము. 48,000 రావలసిన చోట –17,536 వచ్చినది.

ఇరుసు వెనుకకు తిరుగలేదు. లెక్క దాచుకొనుటకు మేము ఇచ్చిన పాత్ర చిన్నది. ఈ పలకపై సాధారణ పూర్ణాంకమునకు 16 బిట్లు మాత్రమే ఉంటాయి. అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. అది దాటిన వెంటనే లెక్క –32,768 దగ్గరకు పోయి అక్కడనుండి మరల మొదలవుతుంది. 48,000 నుండి 65,536 తీసివేస్తే సరిగా –17,536 వస్తుంది. 32 బిట్ల పాత్ర ఇచ్చిన తరువాత ఈ దోషం పోయినది. సెకనుకు 60,000 మెట్లు వచ్చినను ఆ పాత్ర నిండుటకు సుమారు 10 గంటలు పడుతుంది.

10 చుట్లతోనే ఆగి ఉంటే మా పరికరం నిర్దోషి అని వ్రాసి ఉండేవారము. పరీక్షను మనకు అనుకూలమైన చోట ఆపుట పరీక్ష కాదని ఆనాడు తెలిసినది.

రెండవ పాఠము: వినేవాని వేగము

తరువాత మోటారును నడిపాము. నిమిషమునకు 600 చుట్ల వరకు మా అంకె, ట్యాకోమీటరు అంకె చక్కగా సరిపోయాయి. 1,200 దాటగానే మా అంకె వెనుకబడసాగినది. 1,500 వద్ద ఒకసారి చూపిన అంకె మరల చూపలేదు. కాని ఎప్పుడు చూచినను అసలు వేగము కంటె తక్కువే చూపినది.

రికార్డు పుస్తకము మరునాడు సమర్పించవలసి ఉన్నది. ఇక్కడ మా బలహీనతను దాచక చెప్పుట ధర్మము. రావలసిన విలువ ఏదో మాకు తెలుసు. వచ్చిన విలువలను ఒక గుణకముతో హెచ్చించి, దానికి సవరణ అని పేరు పెడితే సరిపోతుందని మాలో ఒకరము అన్నాము. తక్కినవారము కాదనలేదు. పట్టిక కూడ సగం వ్రాశాము. అంతలో మా అధ్యాపకులు వచ్చి, ఆ పట్టికను కాసేపు చూచి, "ఈ అంకెలు మీరు చూచినవా, మీరు కోరినవా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు. మేము ఆ పుటను కొట్టివేశాము.

అప్పుడు కూర్చొని లెక్క వేశాము. నిమిషమునకు 1,500 చుట్లు అనగా సెకనుకు 25 చుట్లు. చుట్టుకు 2400 మెట్లు కాబట్టి సెకనుకు 60,000 మెట్లు. ఒక్కొక్క మెట్టుకు దొరికే కాలం సగటున 16.7 మైక్రోసెకండ్లు మాత్రమే. ప్రతి మెట్టుకు ప్రాసెసరు తాను చేస్తున్న పని ఆపి, రెండు తీగలను చూచి, లెక్క మార్చి, మరల తన పనికి పోవలెను. దీనిని ఇంటరప్టు అంటారు. మేము వాడిన సాధారణ ఆజ్ఞలతో ఒక తీగను చూచుటకే సుమారు 4 మైక్రోసెకండ్లు పడుతుంది. వచ్చి పోయే శ్రమతో కలిపి మొత్తం 15 మైక్రోసెకండ్లకు చేరువ అవుతుంది. మెట్లు కూడ సమానమైన ఎడముతో రావు. కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యముగా వస్తాయి. ఒక పని ముగియకముందే అదే తీగనుండి రెండు పిలుపులు వస్తే, ప్రాసెసరు ఒక్క పిలుపును మాత్రమే జ్ఞాపకముంచుకుంటుంది. రెండవది శాశ్వతముగా పోతుంది.

ఇది మా ఊహ. ఊహను నిరూపించుట ఎట్లు? ముందు చెప్పిన రహస్యము ఇక్కడ ఉపయోగపడినది. వరుసలో ఒకసారికి ఒక తీగ మాత్రమే మారవలెను. రెండు తీగలు ఒక్కసారిగా మారినట్లు కనబడితే, మధ్యలో ఒక మెట్టును మనము చూడలేదని అర్థము. అట్టి అసంభవమైన మార్పులను వేరుగా లెక్కించే మరొక సంఖ్యను మా ప్రోగ్రాములో చేర్చాము. దానికి తప్పుల లెక్క అని పేరు పెట్టాము. 600 చుట్ల వద్ద అది సున్నా. 1,200 దాటగానే పెరగటం ఆరంభించినది. పరికరం తన తప్పును తానే ఒప్పుకొన్నది.

తరువాత చికిత్స సులభమైనది. రెండు తీగలను విడివిడిగా అడుగుటకు బదులు, అవి ఉన్న ద్వారసమూహమును ఒక్క ఆజ్ఞతో నేరుగా చదివాము. ఇంటరప్టులో లెక్క మార్చుట తప్ప మరే పని ఉంచలేదు. భాగహారము, తెరకు పంపుట వంటి పనులన్నిటిని బయటికి తెచ్చాము. 1,500 వద్ద తప్పుల లెక్క సున్నాగా నిలిచినది. మా అంకె ట్యాకోమీటరుతో సరిపోయినది.

ఇంకొక సూక్ష్మము కూడ చెప్పవలెను. 8 బిట్ల ప్రాసెసరు 32 బిట్ల సంఖ్యను నాలుగు ముక్కలుగా చదువుతుంది. రెండు ముక్కలు చదివిన తరువాత ఇంటరప్టు వచ్చి లెక్క మారితే, సగం పాతది, సగం కొత్తది అయిన సంఖ్య చేతికి వస్తుంది. కాబట్టి లెక్కను చదివే ఆ క్షణకాలం ఇంటరప్టులను ఆపి, వెంటనే మరల తెరువవలెను.

ఇంతకంటె ఎక్కువ వేగము కావలెనంటే మూడు మార్గములు ఉన్నాయి. ఒక తీగ ఒక అంచును మాత్రమే లెక్కిస్తే 1,500 చుట్ల వద్ద సెకనుకు 15,000 పిలుపులే వస్తాయి. దిశను, సూక్ష్మతను కొంత వదులుకొనవలెను. లేదా ఎల్.ఎస్.7366 వంటి లెక్కింపు చిప్పును ప్రక్కన పెట్టవచ్చును. లేదా ఇ.ఎస్.పి.32 వంటి పలకను వాడవచ్చును. అందులో స్పందనలను లెక్కించే యంత్రభాగం లోపలనే ఉన్నది. అయితే ఎన్‌కోడరు కూడ తనకు తగిన వేగము వరకే పలుకుతుంది. ఆ పరిమితి దాని వివర పత్రములో ఉంటుంది. కొనుటకు ముందే చూడవలెను.

మూడవ పాఠము: కొలబద్దయే మారితే

ఎల్.ఎం.35 సెన్సారు ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 30 డిగ్రీలకు 300 మిల్లీవోల్టులు. మా పలక 0 నుండి 5 వోల్టుల వరకు గల పీడనమును 1024 భాగములుగా విభజిస్తుంది. ఒక భాగము 4.88 మిల్లీవోల్టులు. అనగా ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ మెట్లలోనే కనబడుతుంది. ఆ అర డిగ్రీతో మేము సరిపెట్టుకొనగలము. కాని థర్మామీటరు 30 చూపుతుండగా మా తెర 31.6 చూపినది.

మల్టీమీటరు తీసి చూస్తే, 5 వోల్టులని మేము నమ్మిన సరఫరా నిజముగా 4.75 వోల్టులే ఉన్నది. కంప్యూటరునుండి తీగ ద్వారా వచ్చే సరఫరా ఖచ్చితముగా 5 ఉండవలెనని నియమం లేదు. పలక ఆ సరఫరానే కొలబద్దగా వాడుకుంటున్నది. కొలబద్ద కురుచైతే కొలిచిన ప్రతి గుడ్డ పొడవుగా కనబడుట సహజమే కదా! పలకలోపల 1.1 వోల్టుల స్థిరమైన ప్రమాణమొకటి ఉన్నది. దానిని కొలబద్దగా ఎన్నుకొన్నాము. అది ఒక్కొక్క చిప్పులో 1.0 నుండి 1.2 వరకు ఉండవచ్చును గాని, ఒక చిప్పులో స్థిరముగా ఉంటుంది. కాబట్టి మల్టీమీటరుతో ఒకసారి కొలిచి ఆ విలువను ప్రోగ్రాములో వ్రాశాము. అప్పుడు ఒక భాగము 1.07 మిల్లీవోల్టులకు తగ్గినది. మెట్టు డిగ్రీలో సుమారు పదవ వంతు అయినది. 110 డిగ్రీలకు మించి కొలువలేకపోవుట దీనికి చెల్లించిన మూల్యము. మా మోటారు అంత వేడెక్కదు.

అయినను పదవ వంతు డిగ్రీ కనబడుచున్నదని పదవ వంతు వరకు సత్యమని భ్రమపడరాదు. సెన్సారులోనే అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చును. సూక్ష్మత వేరు, యథార్థత వేరు.

మోటారు నడుస్తున్నప్పుడు ఉష్ణోగ్రత అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. సెన్సారు తీగను మోటారు తీగల ప్రక్కనుండి తీయటమే కారణము. తీగలను దూరముగా తీసి, మెలివేసి కట్టిన తరువాత చాలవరకు శాంతించాయి. మిగిలినది గోడలలోని విద్యుత్తునుండి వచ్చే 50 హెర్ట్‌జుల అల. దాని ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకండ్లు. పూర్తిగా ఆ 20 మిల్లీసెకండ్లలో అనేక పఠనములు తీసి సగటు వేస్తే, అలలోని ఎత్తు, పల్లము ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. సెకనుకు సరిగా 50 సార్లు మాత్రమే చదివితే ప్రతిసారి అలలోని ఒకే చోటు చేతికి వచ్చి, తప్పు అంకె కదలక మెదలక సత్యమువలె కనబడుతుంది. కదిలే తప్పుకంటె కదలని తప్పు ప్రమాదకరము.

ముగింపు

పై మూడు సందర్భములలోను పరికరము చెడిపోలేదు. దాని పరిమితిని మేము అడుగలేదు. ఎంత పెద్ద సంఖ్యను పట్టగలవు, ఎంత వేగమును వినగలవు, దేనిని కొలబద్దగా పెట్టుకొన్నావు అనే ప్రశ్నలు ఖరీదైన యంత్రమును కూడ అడుగవలసినవే. దాని పెట్టె మూసి ఉంటుంది కాబట్టి మనము అడుగుట మరచిపోతాము. చౌక పరికరము మనచేత ఆ ప్రశ్నలు అడిగిస్తుంది. విద్యార్థికి దానివల్ల కలిగే గొప్ప లాభము ఇదే.

కళాశాల సంఘమువారికి మా విన్నపములు రెండు. బీరువాలో తాళము వేసి, ఏడాదికి ఒకసారి తీసి చూపే ఒక పెద్ద యంత్రమునకు బదులు, ఇద్దరేసి విద్యార్థులకు ఒకటి చొప్పున చిన్న పలకలు, సెన్సారులు ఇప్పించవలసినది. వాటితోబాటు సరిచూచుకొనుటకు ఒక మంచి ట్యాకోమీటరు, ఒక మంచి మల్టీమీటరు తప్పక ఉండవలెను. ప్రమాణము లేని చౌకదనము మోసమునకు దారి. రెండవది, రికార్డు పుస్తకములో ఫలితము ప్రక్కన దోషము, దాని కారణము అనే గడిని చేర్చి, దానికి మార్కులు కేటాయించేటట్లు చూడవలసినది. సరిపోయిన అంకెకే మార్కులు దొరికినంతకాలం, కోరిన అంకెను వ్రాసే చేతులు తయారవుతూనే ఉంటాయి. మేము కూడ ఆ అంచువరకు పోయి తిరిగి వచ్చినవారమే.

తోటి విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. మీ అంకె పుస్తకములోని అంకెతో సరిపోనినాడు సిగ్గుపడవద్దు. తప్పుల లెక్కను తెరపై పెట్టి, కారణమును వెదకండి. మా రికార్డు పుస్తకములో కొట్టివేసిన ఆ పుట నేటికీ అట్లే ఉన్నది. దానిని చింపివేయవలెనని మాకు ఎన్నడును తోచలేదు.